బురదనీట మునిగిన డ్రోనును వెదకి తీయు విధము

మన గ్రామములలో పురుగుమందు చల్లు డ్రోనులు ప్రవేశించి యెంతోకాలము కాలేదు. అయినను వరిచేలమీదను మిరపతోటలమీదను అవి యెగురుట ఇప్పుడెవరికిని వింతగా లేదు. 2023వ సంవత్సరము నవంబరు నెలలో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకము 15,000 మహిళా స్వయంసహాయక సంఘములకు డ్రోనుల నందించుటకై యేర్పడినది. వెలలో నూటికి 80 వంతులు, 8 లక్షల రూపాయలకు మించకుండ, ప్రభుత్వ సహాయమనియు, మిగిలినది సంఘము అప్పుగా తెచ్చుకొనవచ్చుననియు అందు విధింపబడినది. కావున ఇట్టి యంత్రము ఒకరి సొత్తు గాక పదిమంది సొత్తై యుండును. అది యొకనాడు దారితప్పి చెఱువులో పడినచో గట్టుననున్నవారి మనస్సు లెట్లుండునో చెప్పనక్కఱలేదు. అప్పు తీఱలేదు; యంత్రము నీటిపాలైనది. ఈతవచ్చిన కుఱ్ఱవాడొకడు చొక్కావిప్పి దూకబోవును. గట్టుమీదివారు వానిని ఆపకపోగా, "అదిగో అక్కడ, ఇంకను లోపలికి" అని కేకలు వేయుదురు. మేమీ వ్యాసము వ్రాయుటకు ముఖ్యకారణము ఆ కుఱ్ఱవాడే.

డ్రోను నీటిలో పడుటకు కారణములు పెక్కులు. బ్యాటరీ తగ్గినపుడు యంత్రము తానుగా బయలుదేరినచోటికి తిరిగివచ్చును. అది తిన్ననిగీత పట్టుకొని వచ్చునే గాని, నడుమ చెఱువున్నదని చుట్టుతిరిగి రాదు. గట్టుమీది తాడిచెట్టో, కరెంటు తీగయో తగిలినచో అక్కడనే కూలును. యంత్రము క్రిందిభాగమున నేలను చూచుటకు అమర్చిన కన్ను, కదలుచు మెఱయుచునుండు నీటిపై భ్రమపడి యెత్తును తప్పుగా లెక్కించుట కూడ కలదు. ఏ కారణముచే పడినను పడినపిమ్మట చేయవలసిన పని యొక్కటే గనుక కారణములను గూర్చి యింతకంటె వ్రాయము.

యంత్రము నీటిని తాకినంతనే నడపువారు చేయవలసినది పరుగెత్తుట కాదు, నిలిచినచోటనుండి కదలకుండుట. ఇది వినుటకు విపరీతముగా దోచును. కాని నీటిమీద గుర్తు నిలువదు; అలలు అణగిన పిమ్మట నీరంతయు నొక్కతీరుగనే యుండును. మనము పది అడుగులు కదలినచో, "ఆ తామరాకు ప్రక్కనే" యని నిశ్చయముగా చెప్పినమాట తప్పిపోవును. కావున చూపు త్రిప్పక, పాదములకడ నొక పుల్ల గ్రుచ్చవలెను. యంత్రము పడినదిక్కునకు సూటిగా పది అడుగులు నడచి రెండవపుల్ల గ్రుచ్చవలెను. ఆ రెండుపుల్లల వరుసను ఆవలిగట్టుదాక చూపుతో సాగదీసి, అచ్చట నేమున్నదో, అది తాడియో, మోటారుకొట్టమో, తూమో, చూచి వ్రాసికొనవలెను. మందు కలుపుచు వేఱొకచోట నున్న రెండవమనిషి తానున్నచోటినుండి ఇట్లే చేయవలెను. ఈ రెండుగీతలు ఖండించుకొనుచోటనే యంత్రమున్నది. మనుష్యులిద్దఱును ప్రక్కప్రక్కనే నిలిచియున్నచో గీతలు సన్నని కోణముతో కలియును. అప్పుడు చిన్నతప్పు పెద్దదూరమగును. ఒకరు కట్టమీదను మఱియొకరు చేలగట్టుమీదను ఉన్నచో ఫలము మిక్కిలి సరిగా నుండును. సముద్రముమీద బెస్తవారు కొండలను, చెట్లను, గుడిగోపురములను ఒకదానివెనుక నొకటి పెట్టి చేపలున్నచోటిని మరల కనుగొనుట యీ యుక్తితోనే. వారికి ఏ యంత్రమును ఈ విద్య నేర్పలేదు.

పిమ్మట చేతిలోని రిమోటును ఆర్పరాదు. దాని తెరపై యంత్రము చివరిసారి పంపిన తన స్థానము నిలిచియుండును. దానిని వెంటనే ఫోనుతో ఫోటో తీసికొనవలెను, వేళయు వ్రాసికొనవలెను. నీటిలో మునిగిన యంత్రము మరల పలుకునేమో యని కొందఱు రిమోటును గట్టుపొడవున త్రిప్పుచుందురు. అది వ్యర్థము. డ్రోనులు వాడు రేడియో అలలను నీరు త్రాగివేయును. ఒక మూర లోతు మునిగినంతనే యంత్రము మూగయగును. ఉపగ్రహముల సంజ్ఞలును దానికి చేరవు. కావున మనకు మిగిలినది చివరి స్థానము మాత్రమే, అదియు గాలిలో నున్నప్పటిది.

ఇచ్చట చిన్నలెక్క యొకటి చేయుదము. పంటపై 3 మీటర్ల యెత్తున, సెకండునకు 5 మీటర్ల వేగముతో పోవుచున్న యంత్రము హఠాత్తుగా ఆగిపోయినచో నీటిని చేరుటకు ముప్పాతిక సెకండు పైచిలుకు పట్టును. ఆ లోపల అది సుమారు 4 మీటర్లు ముందునకు పోవును. సాధారణమైన జీపీఎస్ చూపు స్థానములో కొన్ని మీటర్ల తేడా యుండుట సహజము. ఈ రెండిటిని కలిపి, యంత్రము పోవుచున్న దిక్కునకు 4 మీటర్లు జరిపి, అచ్చటినుండి 8 మీటర్ల వ్యాసార్ధముతో వలయము గీచినచో 200 చదరపు మీటర్లగును. అనగా ఐదుసెంట్లు; గుంటల లెక్కలో రెండు గుంటలు. గుర్తు పెట్టుకొనినవారు ఐదుసెంట్ల నీరు వెదకిన చాలును. పెట్టుకొననివారు ఎకరముల చెఱువంతయు వెదకవలెను. వెదకులాటలో సగముపని మొదటినిమిషమునందే జరిగిపోవును, లేదా చెడిపోవును.

కాలువలో పడినచో లెక్క మాఱును. పాఱునీటిలో యంత్రము పడినచోటనే యుండునని చెప్పరాదు. నిజమునకు చెఱువులో సైత మొక చిక్కు కలదు. 10 లీటర్ల మందుతొట్టి ఖాళీగనుండి మూత బిగిసియున్నచో అది తెప్పవలె పనిచేసి యంత్రమును కొంతసేపు తేల్చవచ్చును. మూతలోని గాలిరంధ్రముగుండ నీరు మెల్లగా చేరి, గాలివాటునకు నలుబదియేబది గజములు కొట్టుకొనిపోయిన పిమ్మట మునుగును. కావున పడినచోటు గుర్తించుట యెంత ముఖ్యమో, పూర్తిగా మునుగువఱకు దానినుండి కన్ను త్రిప్పకుండుటయు నంత ముఖ్యము. తొట్టినిండ మందున్నచో ఈ తేలుట ఉండదు, పడినచోటనే దిగును. కాలువలోనైనచో లస్కరుకు వెంటనే కబురుపెట్టవలెను. దిగువనున్న షట్టరుకడను, వంతెనస్తంభములకడను, గుఱ్ఱపుడెక్క పేరుకొనిన మలుపులకడను మొదట చూడవలెను. కొట్టుకొనిపోవు వస్తువు నిలుచునది సామాన్యముగా అట్టిచోటులలోనే.

యంత్రముతోపాటు నీటిలో పడిన మందు సంగతి పలువురు మఱచుచున్నారు. ఎకరము వైశాల్యము, మీటరు లోతు గల కుంటలో 40 లక్షల లీటర్ల నీరుండును. దానిలో లాంబ్డా సైహలోథ్రిన్ వంటి మందు యొక్క మూలవిషము 5 గ్రాములు కలసినచో లీటరునకు ఒక మైక్రోగ్రాము పైచిలుకగును. ఇది యతిస్వల్పమని తోచును. కాని ఈ జాతి మందులు లీటరునకు ఒక మైక్రోగ్రామునకు లోపుగనే కొన్నిరకముల చేపలను చంపునని పరీక్షలలో తేలినది. బురదనీటిలోని మట్టికణములు ఈ విషమును తమకంటించుకొని దాని తీక్ష్ణతను కొంత తగ్గించుట మన అదృష్టము. అయినను చెఱువు చేపలపాటదారులకు, మత్స్యకారుల సహకార సంఘమువారికి, పశువులను నీటికి తోలువారికి ఏమందు ఎంత పడినదో దాచక చెప్పవలెను. అది త్రాగునీటి చెఱువైనచో పంచాయతీకి ఆ గంటలోనే తెలుపవలెను. యంత్రము పోయినదన్న సిగ్గుచేత ఈ మాట దాచువారు రెండవనష్టమును తెచ్చిపెట్టుచున్నారు. అది మొదటిదానికంటె పెద్దది.

ఇక మురికినీటి స్వభావమును గూర్చి. నీరు తేటగానున్నచో ఈ వ్యాసముతో పనియే లేదు. తొలకరి కాలువలకు వచ్చు ఎఱ్ఱనీటిలో, అడుసు కదలిన చెఱువులో, మోచేతివఱకు ముంచిన చేయి మనకే కనబడదు. వెలుతురు మట్టికణములకు తగిలి చెదరిపోవును. దీపము వేసినచో తెల్లని తెరవలె మఱింత అడ్డుపడును. మట్టి ఎప్పుడు దిగునని యడిగినచో, అది కణముల పరిమాణమును బట్టి యుండును. 20 మైక్రానుల ఒండ్రుకణము కదలనినీటిలో మీటరు లోతు దిగుటకు ముప్పాతిక గంట చాలును. 2 మైక్రానుల బంకమట్టి కణమునకు మూడుదినములకు పైగా పట్టును. అంతకంటె సూక్ష్మమైనది వారములతరబడి దిగదు. మన పెద్దలు కుండలోనినీటిని చిల్లగింజ అరగదీసి తేర్చుకొనుచుండిరి, పటికయు వేయుదురు. కుండలో సాగినది చెఱువులో సాగదు. అందుచేత ఈ పనిలో కన్నులను నమ్ముట మాని చేతికఱ్ఱను, తాటిని, వలను నమ్ముకొనవలెను. ఇంకొకమాట: పదిమంది దిగి త్రొక్కిననీరు ముందున్నదానికంటె మురికియగును, మునిగిన యంత్రము అడుసులో మఱింత కూరుకొనిపోవును.

మనిషి నీటిలో దిగు విషయమున మా యభిప్రాయము కఠినముగనే యుండును. మొలలోతునకు మించిన మురికినీటిలో ఈ పనికై యెవరును మునుగరాదు. పూడిక పేరుకొనిన చెఱువులో అడుసు మోకాలిని పట్టినచో ఈతవచ్చియు ప్రయోజనముండదు. అడుగున తుమ్మకంపలు, పాతవలలు, గుఱ్ఱపుడెక్క వేళ్లు ఉండును. కన్ను కనబడనిచోట వానిలో చిక్కుకొనిన మనిషికి ఏదిక్కు పైదో తెలియదు. తూము తెఱచియున్నపుడు దాని దగ్గఱకు పోవుట మృత్యువును పిలుచుటయే. ప్లాస్టిక్ పట్టా పఱచిన పంటకుంటలు చూచుటకు చిన్నవిగా నుండును గాని, వాని ప్రక్కలు నాచుపట్టి నున్నగానుండుటచే దిగినవాడు పైకి ఎక్కలేడు. అట్టికుంటలకు ముందుగనే ముడులువేసిన తాడు వ్రేలాడగట్టవలెను. యంత్రమునకు వెల గలదు. సంఘపు ఖాతాలో దానిని వ్రాసికొనవచ్చును. ఈతగాని యింటివారికి మనము ఏ ఖాతా చూపగలము? సంఘపు అధ్యక్షుడో కార్యదర్శియో గట్టున నుండి, "ఎవరును దిగవలదు" అని నోటితో చెప్పవలెను. చెప్పినట్టి బాధ్యుడొకడు లేనిచో ఆ మాట ఎవరును చెప్పరు. మనిషి నీటిలో చిక్కుకొనినచో 112కు ఫోను చేయవలెను, తాడో, లారీట్యూబో విసరవలెను. వెంట మఱియొకడు దూకరాదు.

దిగకుండ వెదకుట యెట్లు? మొదట గట్టునుండి చూడవలెను. నీరు కదలకున్నపుడు ఒకేచోటినుండి విడువక సన్నని బుడగలు వచ్చుచున్నచో, అది బ్యాటరీ కొనలకడ విద్యుత్తు నీటిని విడగొట్టుటవలన కావచ్చును. అడుసులోనుండియు బుడగలు వచ్చును గాని అవి ఒకసారి గుప్పున వచ్చి ఆగును. యంత్రము చేతులకున్న చిన్నదీపములు మునిగినపిమ్మట కొంతసేపు వెలుగుచుండవచ్చును. లోతు తక్కువయైనచో ప్రొద్దుగ్రుంకినవెంటనే గట్టునుండి చూచిన మసకవెలుతురు కనబడునేమో పరిశీలింపవచ్చును. ఇది జరిగినచో అదృష్టము, జరుగకున్న నిరాశ పడనక్కఱలేదు.

తరువాతిపని తాటితో. చెఱువు ఇఱుకుగానున్నచోట, లేదా కాలువలో, ఎదురెదురు గట్లపై ఇద్దఱు నిలిచి నడుమ తాడు దింపవలెను. దానికి మూరకొకటి చొప్పున సీసపుగుండ్లో, ఇనుపగొలుసు ముక్కలో కట్టి అడుగున ప్రాకునట్లు చేయవలెను. ఇద్దఱును సమానముగా, మిక్కిలి మెల్లగా, వలయపు ఒకకొననుండి రెండవకొనకు నడువవలెను. తాడు దేనికైన తగిలినచో లాగక ఆగవలెను. తాడు రెండుగట్లనుండి వచ్చి కోణముగా కలియుచోటు తగిలినవస్తువును చూపును. అది రాయియో, మొద్దో, మన యంత్రమో తెలిసికొనుటకు తెప్పమీదనుండి వెదురుగడతో తాకి చూడవలెను. గడను పొడుచునట్లు గాక, గ్రుడ్డివాడు కఱ్ఱను వాడునట్లు తాకించవలెను. రాయి గట్టిగా పలుకును, మొద్దు మెత్తగా నుండును, ఖాళీతొట్టి డొల్లగా పలుకుచు కొంచెము కదలును. వెదకినచోటనెల్ల వెదురుపుల్ల నాటుకొనుచు పోవలెను. లేనిచో వెదకినచోటనే మరల వెదకుచు సాయంకాలమగును. పుట్టియున్నచోట పుట్టియు, లేనిచోట అరటిబోదెల తెప్పయు చాలును. తెప్పమీద నున్నవారు ఈతవచ్చినవారైనను ట్యూబు నడుమునకు కట్టుకొనవలెను.

బావిలో పడిన చేదను తీయు పాతాళగరిగె, అనగా ఇనుపకొక్కెముల గుత్తి, ఇంటనుండగా దానినేల వేయరాదని కొందఱు అడుగవచ్చును. బావిలో పడినచో అదియే ఉత్తమము. చెఱువులో ముందుగా దానిని విసరినచో కొక్కెము బ్యాటరీ పైతొడుగును చీల్చవచ్చును, తీగలను తెంపవచ్చును. యంత్రము దొరకినదని తెలిసినపిమ్మట, దాని నిలువుకాళ్లకు తగిలించుటకు మొద్దుకొనగల కొక్కెమొకటి గడకు కట్టి వాడుట మేలు. ఱెక్కలను గాని, వానిని మోయు చేతులను గాని పట్టి లాగరాదు.

అన్నిటికంటె మంచియుపాయము మన ప్రక్కవీధిలోనే యుండును. చెఱువు అడుగు ఎచ్చట మిట్ట, ఎచ్చట పల్లము, ఏమూల కంప యున్నదో చేపలుపట్టువారికి తెలిసినట్లు మనకు తెలియదు. వారి లాగుడువల ఒకసారి నడిచినచో మనము దినమంతయు చేయుపని గంటలో తీఱును. వారిని అడుగుటకు కొందఱు రైతులు నామోషీపడుట మేమెఱుగుదుము. వల చినిగినచో దానివెల యిచ్చుటకు ముందే ఒప్పుకొని, కూలి నిర్ణయించుకొని పిలువవలెను. రైతుల సంఘమును మత్స్యకారుల సంఘమును ఒకరికొకరు ఉపకరించుటకు ఇంతకంటె తగిన సమయమేమున్నది?

చిన్నపంటకుంట యైనచో నీరు తోడివేయుట సులభమార్గము. ఐదుసెంట్ల వైశాల్యము, మీటరు లోతు గల కుంటలో 2 లక్షల లీటర్లుండును. సెకండునకు 10 లీటర్లు పోయు పంపు దానిని ఐదున్నర గంటలలో తోడును. ఆనీరు మందు కలిసినదేమో చూచి, తగినచేనికే మళ్లింపవలెను. చేపలకుంటకు గాని వాగునకు గాని వదలరాదు.

అయస్కాంతమును తాటికి కట్టి విసరుట యిప్పుడు వాడుకలోనికి వచ్చినది. డ్రోను దేహము చాలవఱకు కార్బనునారతోను, అల్యూమినియముతోను, ప్లాస్టిక్కుతోను చేయబడునది గనుక అయస్కాంతమునకు పట్టుబడునది మోటార్లలోని కొద్ది ఇనుము, కొన్ని మరలు మాత్రమే. చెఱువులోని పాతమేకులు దొరకుట ఖాయము. నీటిలోనికి దింపు కెమెరాలును మురికినీటిలో మనకంటె మేలుగా చూడజాలవు. ధ్వనితో చూచు సోనారు పనిముట్టు మాత్రము వేఱుజాతిది. ధ్వని నీటిలో సెకండునకు సుమారు 1,480 మీటర్లు పోవును. దానికి మురికి అంతగా అడ్డురాదు. చేపలను కనిపెట్టు చిన్నసోనారును తెప్పకు కట్టి నడుపవచ్చును. అయితే లోతు మీటరునకు తక్కువయైనచోటను, నాచు దట్టముగా పెరిగినచోటను అది చూపు బొమ్మలను నమ్మరాదు. పెద్దజలాశయములకే అది తగినది. ఊరికుంటకు వెదురుగడయే సోనారు.

యంత్రము పైకి వచ్చినదనగానే అందఱును దానిచుట్టు మూగుదురు. అప్పుడే జాగ్రత్త కావలెను. మందు చల్లు డ్రోనుల బ్యాటరీ సామాన్యముగా 44 వోల్టుల ప్రాంతమున నుండి, నిండుగానున్నపుడు 50 వోల్టులను చేరును. నీరు లోనికి దిగిన లిథియం బ్యాటరీ వెంటనే మండవచ్చును. గంటలతరువాతను, దినములతరువాతను మండవచ్చును. ఉప్పునీటిలో, రొయ్యలచెఱువులో పడినదాని విషయమున ఈ భయము మఱింత యెక్కువ. రబ్బరుతొడుగులు వేసికొని, మీట నొక్కి చూడక, మొట్టమొదట బ్యాటరీని విడదీయవలెను. ఉబ్బియున్నను, వేడిగానున్నను, వింతవాసన వచ్చుచున్నను తాకక దూరముగా నిలువవలెను. విడదీసినదానిని ఇసుక పోసిన ఇనుపపాత్రలో, పైన మూతలేక, ఆరుబయట నుంచవలెను. గడ్డివామి, పశువులపాక, ఇల్లు, వీనికి దూరముగా నుండవలెను. సంఘపు ఎరువులగిడ్డంగిలో "ఒక్కరాత్రికే గదా" యని పెట్టుట యెన్నడును చేయరాదు. దానిని మరల చార్జి చేయు ఆశ విడిచి, అమ్మిన కంపెనీవారికి అప్పగింపవలెను. మండినచో పొగ విషము. గాలి వచ్చువైపున నిలిచి దూరమునుండి ధారాళముగా నీరు కొట్టవలెను.

మిగిలిన యంత్రమును మంచినీటితో మెల్లగా కడిగి, బురద ఎండకముందే తొలగించి, నీడలో గాలితగులునట్లు ఆరబెట్టవలెను. ఫోను తడిసినపుడు బియ్యపుడబ్బాలో పెట్టు అలవాటును కొందఱు దీనికిని వర్తింపజేయుదురు. బియ్యపునూక తీగలమధ్య చేరుటయే గాని లాభములేదు. మోటార్లు బాగుపడు అవకాశము ఎక్కువ; లోపలి పలకలు త్రుప్పుపట్టు భయము ఎక్కువ. ఆరినదిగదా యని మనమే కరెంటు ఇచ్చి చూచుటకంటె తెలిసినమెకానిక్కునకు చూపుట మేలు. లోనున్న జ్ఞాపకచీటీని మాత్రము భద్రపఱుపవలెను. అది తడిసినను పలుమార్లు చదువ వీలగును, యంత్రమెందుకు పడినదో అదియే సాక్ష్యము చెప్పును.

కాగితముల విషయము కొద్దిలో ముగింతుము. 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోను నిబంధనల ప్రకారము ప్రమాదమును నడపువారు 48 గంటలలోపల డిజిటల్ స్కై వేదికద్వారా పౌరవిమానయాన డైరెక్టరు జనరలుకు తెలుపవలెను. భీమాకంపెనీకి తెలుపు గడువు పత్రములోనే యుండును. ఇతరులకు గలిగిన నష్టమునకు చేయు భీమా వేఱు, యంత్రము పోయినచో నిచ్చు భీమా వేఱు. మొదటిది మాత్రము తీసికొని రెండవదియు నున్నదని తలంచుచున్న సంఘములు, ఈ సంచిక చదివినవెంటనే పత్రమును తీసి చూచుకొనుట మంచిది.

ముందుజాగ్రత్తగా చేయదగినవి రెండు గలవు. యంత్రమును లేపుచోటును, తిరిగివచ్చుదారి చెఱువుమీదుగా పడనట్లు ఎన్నుకొనవలెను. రెండవది, వలలకు కట్టు బెండును ఎఱ్ఱరంగువేసి, చెఱువులోతునకు మించిన సన్నని నైలానుత్రాటితో యంత్రపు కాలికి కట్టుట. త్రాడు చుట్టగా నుండి, నీట పడినపుడు విడి బెండు తేలునట్లు చేయవలెను. ఇది ఱెక్కలకు చుట్టుకొనుటకు వీలులేని స్థలమున, కంపెనీవారి నడిగియే అమర్చవలెను. లేనిచో రక్షణకై కట్టిన త్రాడే యంత్రమును కూల్చును.

ఇంతచేసినను దొరకనిది దొరకదు. అప్పుడు గుర్తించిన రెండుగీతలను, ఫోటోను, వేళను సంఘపు పుస్తకములో అతికించి యుంచవలెను. డెల్టాలో వేసవిని కాలువలు కట్టివేసినపుడును, మెట్టప్రాంతములలో చెఱువు ఇంకినపుడును ఆ చోటు దానంతటది బయలుపడును. యంత్రము అప్పటికి పనికిరాకపోవచ్చును గాని, బ్యాటరీలో కీడు మిగిలియే యుండవచ్చును. కావున పూడికతీతకు వచ్చువారికి ఆ స్థలమును ముందుగనే చూపి, అచ్చట పార వేయకుండ చేతితో మన్ను తొలగింపుడని చెప్పవలెను.